అక్కా, అంత పెద్ద హోటల్లో నేనెలా ఉండాలి?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది హనుమకొండ దగ్గర పల్లె, నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. జనవరిలో ఢిల్లీలో జరిగే ఒక యువజన సదస్సుకి ఎంపికయ్యాను. మూడు రాత్రులు ఫైవ్ స్టార్ హోటల్లో బస, వేరే రాష్ట్రం అమ్మాయితో కలిపి ఒకే గది అని మెయిల్ వచ్చింది. నేను ఇప్పటిదాకా లాడ్జిలో కూడా దిగలేదు, ఏ ఊరెళ్లినా చుట్టాలింట్లోనే. నాన్న మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ఖర్చులకి ఆరు వేలు ఇస్తానన్నాడు. అక్కడ ఏది ముట్టుకుంటే ఎంత బిల్లు వేస్తారో అని ఇప్పట్నుంచే టెన్షన్. చేరగానే కార్డు అడుగుతారట, నిజమేనా? అసలు నాలాంటిది అక్కడ నప్పుతుందా అని కూడా అనిపిస్తోంది. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను.

జవాబు: ముందు నీకు అభినందనలు చెల్లీ. నీ ఉత్తరంలో రెండు భయాలున్నాయి, ఒకటి డబ్బు గురించి, రెండోది నప్పుతానా అని. డబ్బు సంగతి ముందు తేల్చుకుందాం, అది తేలితే రెండోది సగం తగ్గిపోతుంది.

కార్డు అడుగుతారన్నది నిజమే. గది అద్దె సదస్సు వాళ్లు కట్టినా, మనం విడిగా తినేవాటికీ వాడేవాటికీ భరోసాగా చాలా హోటళ్లు కొంత డిపాజిట్ పెట్టించుకుంటాయి. ఇది నాకెలా తెలిసిందో చెబుతాను. మొదటిసారి ఇలాగే ఒక సమావేశానికి వేరే నగరం వెళ్లినప్పుడు రిసెప్షన్‌లో కార్డు అడిగితే మారు మాట్లాడకుండా డెబిట్ కార్డు తీసి ఇచ్చేశాను. మెషిన్‌లో గీసి, పిన్ కొట్టమన్నారు, కొట్టాను. లిఫ్టులో ఉండగానే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, ఐదు వేలు పోయాయని. ఖాతాలో ఉన్నదే ఆరు వేల మూడు వందలు. గది ఖాళీ చేసిన రోజే వెనక్కి వస్తాయనుకున్నాను, తొమ్మిది రోజులు పట్టింది. వచ్చేటప్పుడు దారి ఖర్చులకి నాతోపాటు వచ్చిన అమ్మాయి దగ్గర ఐదు వందలు అప్పు తీసుకున్నాను. క్రెడిట్ కార్డైతే ఆ మొత్తాన్ని ఆపి ఉంచి తర్వాత వదిలేస్తారు, డెబిట్ కార్డులో చాలాసార్లు డబ్బు నిజంగానే ఖాతాలోంచి వెళ్లిపోతుంది, తిరిగి రావడానికి వారం పైనే పట్టొచ్చు. ఈ తేడా నాకప్పుడు ఎవరూ చెప్పలేదు, అందుకే నీకింత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి ఇవాళే నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టు. గది అద్దె, పన్నులు, పొద్దున టిఫిన్ మీరే కడుతున్నారా, రాత్రి భోజనం సదస్సు దగ్గరా హోటల్లోనా, డిపాజిట్ అడిగితే ఎవరు కడతారు, ఇవన్నీ సూటిగా అడుగు. ఇందులో మొహమాటం అక్కర్లేదు, నీలాగే వచ్చేవాళ్లలో ఇంకెంతమందికి ఈ సందేహం ఉందో. జవాబు ఫోన్లో కాదు, మెయిల్‌లోనే రావాలి, దాన్ని ప్రింట్ తీసి దగ్గర పెట్టుకో. రిసెప్షన్‌లో మళ్లీ డిపాజిట్ మాట వస్తే, "నా గది మీద ఏ బిల్లూ రాయొద్దు, ఏదైనా తీసుకుంటే అక్కడికక్కడే కట్టేస్తాను, మినీబార్ ఖాళీ చేయించండి" అని చెప్పు. చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే అక్కడే నిలబడి నిర్వాహకులకి ఫోన్ చెయ్యి, అంతేగానీ నాన్న ఇచ్చిన ఆరు వేలల్లోంచి తీసి ఇవ్వకు.

మినీబార్ అంటే గదిలో ఉండే చిన్న ఫ్రిజ్, దాని పక్కనే చాక్లెట్లు, జీడిపప్పు పొట్లాలు పేర్చిన అర. ఇక్కడ జాగ్రత్త. వాడినా వాడకపోయినా, కొన్ని హోటళ్లలో వస్తువుని కదిపితేనే బిల్లులోకి ఎక్కే ఏర్పాటు ఉంటుంది, కాబట్టి ధర చూద్దామని కూడా చేత్తో తీయకు, ధరల కాగితం విడిగా ఉంటుంది. మంచినీళ్ల సీసాల మెడకి కాంప్లిమెంటరీ అని ట్యాగ్ ఉంటే అవి ఉచితం, కెటిల్ పక్కన పెట్టే టీ, కాఫీ పొట్లాలు కూడా అంతే. సబ్బు, షాంపూ, దువ్వెన, టూత్‌బ్రష్ వాడుకోవచ్చు, మిగిలినవి తెచ్చుకోవచ్చు. తువ్వాళ్లు, స్నానానికి తొడుక్కునే గౌను తేకూడదు. బట్టలు అక్కడ ఉతకడానికి వేస్తే ఒక చొక్కాకి అయ్యే డబ్బుతో మన ఊళ్లో నెల బట్టలు ఇస్త్రీ చేయించుకోవచ్చు, వెయ్యకు. ఇస్త్రీ పెట్టె మాత్రం గదికి పంపమంటే మామూలుగా ఊరికే పంపుతారు.

ఇంకొకటి, మీ ట్రైన్ ఢిల్లీ చేరేది పొద్దున. హోటల్లో గది ఇచ్చేది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి. జనవరిలో పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ ఆలస్యమవుతాయి కాబట్టి ఏ వేళకి చేరతావో ముందే చెప్పలేం. సదస్సు మొదలయ్యే రోజు పొద్దున దిగేలా టికెట్ ఉంటే మార్చుకో, ఒక రోజు ముందు ఉండేలా చూడు. తొందరగా చేరితే గది కోసం లాబీలో బిక్కుబిక్కుమంటూ కూర్చోనక్కర్లేదు. సామాను బెల్ డెస్క్ దగ్గర, అంటే లాబీలో సామాను చూసుకునేవాళ్ల దగ్గర ఇచ్చి చీటీ తీసుకో, దీనికి డబ్బు తీసుకోరు, మొహం కడుక్కుని బట్టలు మార్చుకోవడానికి చోటు చూపించమని అడుగు. ఆధార్ ఒరిజినల్ తీసుకెళ్లు, పాన్ కార్డు మీద అడ్రస్ ఉండదు కాబట్టి హోటళ్లు మామూలుగా ఒప్పుకోవు. స్వెట్టర్ ఒక్కటే సరిపోదు, చెవులు కప్పుకునేది కూడా ఉండాలి.

గదిలోకి వెళ్లాక నిన్ను తికమక పెట్టేది స్నానాలగదే. షవర్ కింద గోడకి ఒకే ఒక పిడి ఉంటుంది. పైకెత్తితే నీళ్లు, ఎడమకి తిప్పితే వేడి, కుడికి తిప్పితే చల్లన. కొన్నిచోట్ల దానికి మధ్యలో ఇంకో చిన్న బటన్, అది నొక్కితే నీళ్లు కుళాయిలోంచి పై షవర్‌కి మారతాయి. కింద నిలబడి తిప్పకు, పక్కకి జరిగి చెయ్యి ఒక్కటే పెట్టి చూడు, వేడి నీళ్లు ఒక్కోసారి కాలేంత ఉంటాయి. టబ్‌కి తెర ఉంటే దాని అంచు టబ్ లోపలికి వేసుకోవాలి, లేకపోతే నేలంతా నీళ్లే. తలుపు తెరిచే కార్డుని లోపల గోడకున్న అరలో పెడితేనే లైట్లు వెలుగుతాయి, కొన్నిచోట్ల లిఫ్టులో కూడా ఆ కార్డే తాకించాలి. ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం ఎందుకు అనుకుంటే, సామాను తెచ్చిన అబ్బాయిని "ఇవి ఎలా వాడాలో ఒకసారి చూపిస్తారా" అని అడుగు. రోజుకి పదిమందికి చూపిస్తారు వాళ్లు. నీ వయసు పిల్లలే, చాలామంది చిన్న ఊళ్ల నుంచే వచ్చి ఉంటారు.

ఇక నప్పడం గురించి. ఢిల్లీలో అశోక్ హోటల్ ఉంది కదా, దాన్ని కట్టించిందే 1956లో యునెస్కో మహాసభకి వచ్చే ప్రతినిధుల కోసం. ఊరు కాని ఊరొచ్చి మాట్లాడేవాళ్లకి చోటుండాలనే ప్రభుత్వం అంత హోటల్ కట్టింది. నువ్వూ ప్రతినిధివే. ఎవరో జాలిపడి ఇచ్చిన గది కాదది, నువ్వు రాసిన వ్యాసమో ఇచ్చిన ఇంటర్వ్యూనో చూసి పిలిచారు.

జనవరి 12 వివేకానందుడి జయంతి కాబట్టి ఆ రోజుల్లోనే ఇలాంటి సదస్సులు ఎక్కువ. ఆయన 1893 ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడి, ఆ ఏడే చికాగో వెళ్లాడు. అక్కడ సర్వమత సభ నిర్వాహకుల అడ్రస్ కాగితం పోగొట్టుకుని, ఒక రాత్రి రైల్వే యార్డులో ఖాళీ పెట్టెలో పడుకున్నాడు. మర్నాడు దారి పక్కన కూర్చుని ఉంటే ఎదురింటి హేల్ అనే ఆవిడ పలకరించి లోపలికి పిలిచింది. నువ్వు మాత్రం హోటల్ అడ్రస్, నిర్వాహకుల నంబరు ఫోన్లో ఒకటి, కాగితం మీద ఒకటి రాసుకో. చలికి ఫోన్ బ్యాటరీ తొందరగా అయిపోతుంది.

టిఫిన్‌కి హోటల్ చెప్పుల్తో వెళ్లకు, మామూలు బట్టలు చాలు. ఒకేసారి ప్లేటు నింపుకోకుండా ఎన్నిసార్లయినా లేచి వెళ్లొచ్చు. ఇడ్లీ, దోసె దాదాపు ఎక్కడైనా ఉంటాయి.

ప్రశ్న: అమ్మా, మాది ఒంగోలు. మా అమ్మాయికి పందొమ్మిదేళ్లు, ఇలాగే ఒక సదస్సుకి ఢిల్లీ వెళ్తోంది. ముక్కూమొహం తెలియని అమ్మాయితో గది అంటే మాకు నిద్ర పట్టడం లేదు. నేను కూడా వెళ్లనా?

జవాబు: వెళ్లాలనిపిస్తే వెళ్లండి, తప్పేం లేదు. కానీ అదే హోటల్లో గది తీసుకోకండి, ఖర్చూ దండగ, అమ్మాయికీ ఇబ్బంది. ఆమెని దించి, అశోకా రోడ్డులో ఏపీ భవన్ క్యాంటీన్‌లో మన భోజనం చేసి, దగ్గర్లో మీకు వీలైన లాడ్జిలో ఉండండి.

అంతకంటే ముందు, గది పంచుకునే అమ్మాయి పేరూ ఫోన్ నంబరూ ఇప్పించమని నిర్వాహకుల్ని అడగండి. ఇద్దరూ వెళ్లకముందే రెండుసార్లు మాట్లాడుకుంటే, అక్కడ దిగేసరికి కొత్త పోతుంది. గది నంబరు రిసెప్షన్‌లో పైకి చెప్పకుండా కాగితం మీద రాసి ఇవ్వమనమనండి. లోపలికి వెళ్లగానే గొళ్లెం, తలుపు కన్ను సరిగా ఉన్నాయో చూసుకోవాలి. తాము పిలవకుండా ఎవరైనా రూమ్ సర్వీస్ అని తలుపు కొడితే తెరవకుండా ముందు రిసెప్షన్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి. కలవడానికి వచ్చేవాళ్లు ఎంత తెలిసినవాళ్లయినా లాబీలోనే కూర్చోవాలి. 112 ఎమర్జెన్సీ నంబరు, 181 మహిళల హెల్ప్‌లైన్. రోజుకి రెండుసార్లు ఏ టైముకి ఫోన్ చేస్తుందో ముందే అనుకోండి, ఆ మధ్యలో మీరు చెయ్యకండి. సభలో కూర్చున్న పిల్ల ఫోన్ మోగుతుంటే ఏమీ వినలేదు.

ప్రశ్న: నిజామాబాద్ నుంచి అక్కా. సదస్సుకెళ్లి వచ్చాను. హోటల్ రెస్టారెంట్‌లో మంచినీళ్ల సీసాకి ఎంఆర్‌పీ కంటే చాలా ఎక్కువ వేశారు, పైగా సర్వీస్ ఛార్జి పది శాతం. కట్టేశాను. ఇది న్యాయమేనా?

జవాబు: నీళ్ల సంగతిలో చేసేదేం లేదు తమ్ముడూ. హోటల్లో కూర్చోబెట్టి ఇచ్చే సీసాకి ఎంఆర్‌పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈసారి "ఫిల్టర్ నీళ్లు ఇవ్వండి" అని అడుగు, అవి ఉచితం. బిల్లు మీద వేసే జీఎస్టీ మాత్రం కట్టాల్సిందే.

సర్వీస్ ఛార్జి అలా కాదు. బిల్లులో దానంతటదే వెయ్యకూడదని వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇవ్వాలా వద్దా అన్నది నీ ఇష్టం. బిల్లు నీ దగ్గర ఉంటే ఫొటో తీసి హోటల్‌కి మెయిల్ పెట్టు, వాళ్లు తిరిగివ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించు. బిల్లు నంబరు, తేదీ, కట్టిన వివరం చేతిలో పెట్టుకుని చెయ్యి, అవే అడుగుతారు.