విశాఖలో కూలర్ సరిపోతుందా, ఏసీయే కొనాలా?

విశాఖ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లో కూలర్ దండగ, ఏసీయే కొనండి. కూలర్ చేసేదల్లా తడి గడ్డి గుండా గాలిని లాగడమే, ఆ నీళ్లు ఆవిరవుతూ గాలిలోని వేడిని లాక్కుంటాయి కాబట్టి గది చల్లబడుతుంది, కానీ గాలిలో ముందే తేమ నిండి ఉంటే ఇక ఆవిరయ్యేదెక్కడ? రామగుండంలో 42 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం మంచి కూలర్ గాలి 28 దాకా దిగుతుంది. అదే కూలర్ విశాఖలో 34 డిగ్రీలు, 75 శాతం తేమలో 31 దగ్గరే ఆగిపోతుంది, పైగా ఒళ్లంతా జిడ్డు. ఏసీ తేమను కూడా లాగేస్తుంది, పైపులోంచి కారే నీళ్లు అవే. ఏసీకి మూసినట్టే కూలర్‌కీ కిటికీలు బిగించేస్తారు చాలామంది, అది తప్పు, తేమ బయటికి పోయే దారి లేకపోతే రామగుండంలోనైనా ఉక్కపోతే.