టర్బో బండికి చల్లగాలి: డబ్బా కొయ్యకుండ చేసే పని

అల్లుడూ,

ఎయిర్ ఫిల్టర్ డబ్బా పీకేసి కోన్ ఫిల్టర్ (గరాటు లెక్కుండే, డబ్బా లేని ఫిల్టర్) పెడదామనుకుంటున్నవట. వద్దు. బానెట్ కింద కప్పు లేకుండ కూసున్న కోన్ ఫిల్టర్ ఇంజన్ వేడిగాలినే గుంజుతది. చప్పుడు పెరుగుతది తప్ప బండి ఉరకదు. కంపెనీ డబ్బా మంచిదే. దాంట్లకు గాలి వచ్చే తొవ్వలనే లోపముంటది, పని అక్కడ చెయ్యాలె.

ముందుగాల లెక్క చూడు. బయట 45 డిగ్రీలుంటే డబ్బాలకు 60 డిగ్రీల గాలి పోతుందనుకో. గాలిని నొక్కి ఇంజన్లకు పంపేది టర్బో. అది ఒక బార్ బూస్టుకు, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు రెండింతలకు నొక్కేసరికి, టర్బో నుంచి బయటపడే గాలి 160 దాటుతది. అదే 45 డిగ్రీల గాలి పోతే 140 చిల్లర. ఆ వేడిని ఇంటర్‌కూలర్ (టర్బో తర్వాత గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిది) చాలామట్టుకు దించుతది కాబట్టి, గాలి దూరే డబ్బా మూతికాడ 15 డిగ్రీలు తగ్గిస్తే ఇంజన్ల పడేకాడ ఐదారే మిగులుతయి. పవర్ ఏదో పెరిగిపోతదని ఆశపడకు. కానీ నల్గొండ ఎండల ఆ ఐదారే అక్కరకొస్తయి. గాలి వేడెక్కినకొద్దీ నాకింగ్ (ఇంధనం వేళ తప్పి తనంత తానే అంటుకునుడు) రాకుండ ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) స్పార్కు టైమింగ్ తగ్గిస్తది, అంటే స్పార్కును ఆలస్యం చేస్తది, మధ్యాహ్నం పూట బండి మొద్దుబారేది అందుకే.

ఓబీడీ డాంగిల్ల (బండి కంప్యూటర్ అంకెలు ఫోన్ల చూపే ముక్క) కనబడే ఇంటేక్ టెంపరేచర్ చానా టర్బో బండ్లల్ల ఇంటర్‌కూలర్ తర్వాతది. డబ్బా సంగతి దాంతోని తెల్వదు. వైరు సెన్సరున్న చిన్న డిజిటల్ థర్మామీటర్ కొని, సెన్సరును డబ్బాల ఫిల్టర్‌కు ముందువైపు జిప్ టైతోని కట్టు. ఫిల్టర్ దాటించి పెట్టకు, ఊడితే టర్బోలకే పోతది. నకిరేకల్ దాటినంక 65వ నంబరు హైవే మీద 80 స్పీడ్ల పది నిమిషాలు పోయి అంకె రాసుకో. తర్వాత పక్కకు ఆపి, ఏసీ వేసి, ఐదు నిమిషాలు ఐడిల్ల పెట్టి మళ్ల రాసుకో. బయటి వేడి కూడ పక్కనే రాయాలె. నడిచేటప్పుడు బయటికీ డబ్బాకూ తేడా ఐదు డిగ్రీల లోపే ఉంటే ఇంక ఏం ముట్టకు, ఆ పైసలతోని కొత్త ఫిల్టర్ వేయించు.

తేడా ఎక్కువుంటే రాత్రిపూట ఫిల్టర్ తీసి, డబ్బాల టార్చి పెట్టి మూత వేసి చూడు. గాలి పైపు డబ్బాకు అతికేకాడ వెలుగు కనబడిందంటే వేడిగాలి అక్కడికెల్లే దూరుతుంది. ఆ సందుకు 10 మిల్లీమీటర్ల మందం ఈపీడీఎం ఫోమ్ (ఎండకు, నీళ్లకు తట్టుకునే రబ్బరు) పట్టీ అతికించు. మామూలు స్పాంజి వద్దు, నీళ్లు తాగి పొడిపొడిగ రాలి ఫిల్టర్ల చేరుతది. రేడియేటర్‌కు పైన, పక్కల ఉండే సందులను కూడ ఇదే పట్టీతోని మూయి. బండి ఆగినప్పుడు రేడియేటర్ వెనక వేడిగాలి ఆ సందులకెల్లే ముందుకు మర్లొచ్చి మళ్ల మూతిలకే పోతది. ఖర్చు తక్కువ, ఫలం ఎక్కువ ఈ ఒక్క పనిలనే.

అయినా చాలకపోతే గ్రిల్ వెనకనుంచి గాలి పైపు వెయ్యి. 75 మిల్లీమీటర్ల పైపుకు 44 చదరపు సెంటీమీటర్ల దారి ఉంటది, 63 దానికి 31. నీ డబ్బా మూతి కొలిచి, అంతకు తగ్గకుండ తీసుకో. లోపల తీగ చుట్టున్న నియోప్రిన్ రబ్బరు పైపు మంచిది. పీవీసీ పైపు వేడికి మెత్తబడి ముడుచుకుపోతది. దారి ఇరుకైతే అదే బూస్టు కోసం టర్బో ఇంకింత కష్టపడి గాలిని ఇంకా వేడి చేస్తది. పైపు కొసను మూతికి బిగించకు, రెండు మూడు సెంటీమీటర్లు ఎడం ఉంచు. నీళ్లొస్తే అక్కడనే కారిపోతయి, పైపు మూసుకుపోయినా ఇంజన్‌కు గాలి అందుతది.

పైపు ముందు కొసను హెడ్‌లైట్ల కంటే కిందికి దించకు. వానకాలం కల్వర్టు మీది నీళ్లు ఒక్కసారి గుంజిందంటే కనెక్టింగ్ రాడ్లు వంగుతయి, ఇంజన్ మీద ఆశ వదులుకోవాలె. డబ్బా అడుగున నీళ్లు పొయ్యే రంధ్రం మూసుకుపోలేదని కూడ చూడు. కొసకు ఆరు మిల్లీమీటర్ల కండ్ల జాలి చాలు. దోమల జాలి పెడితే పత్తి ఏరే కాలంల దూది, మిర్యాలగూడ దిక్కు మిల్లుల ఊక పొట్టు పట్టి వారంల మూసుకుపోతది.

ఇంజన్ వైపున్న డబ్బా గోడకు ఒక మిల్లీమీటర్ అల్యూమినియం రేకు అడ్డం పెట్టు, కానీ అతికించకు. నడుమ 10 మిల్లీమీటర్ల సందు ఉంటెనే వేడి ఆగుతది. రేకు అంచు బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు తగిలే చోట ఉండొద్దు.

మూత బిగించేటప్పుడు ఫిల్టర్ రబ్బరు అంచు గాడిల కూసుందో లేదో వేలుతోని చుట్టూ తడిమి చూడు. ఒక్కచోట మడిచినా దుమ్ము నేరుగ పోయి టర్బో రెక్కలను అరగదీస్తది. స్క్రూలు చేత్తోనే తిప్పు, ఆగినంక పావు తిప్పు చాలు, లేకుంటే ప్లాస్టిక్ మరలు పోతయి. నూనె పూసే ఫిల్టర్ జోలికి పోకు, ఆ నూనె ఎయిర్ ఫ్లో సెన్సర్‌కు పడితే రీడింగ్ తప్పుతది.

అన్నీ అయినంక అదే తొవ్వల, అంతే ఎండల మళ్ల కొలువు. ఐడిల్ల అంకె నడిచేటప్పటంత దిగదు, గాలి కదలదు కదా. బండి కదిలినంక ఒకట్రెండు నిమిషాలల్ల దిగాలె. దిగకపోతే పైపు పెట్టిన చోటు తప్పు, జాగ మార్చు. వారంటీల ఉన్న బండి కాబట్టి పైపు వేసే ముందు సర్వీసు సెంటర్ల ఒక మాట అడుగు. వెయ్యి కిలోమీటర్లకు ఒకపారి క్లాంపులు, ఫోమ్ పట్టీ చూసుకో. ఇంటర్‌కూలర్ రెక్కల నడుమ పురుగులు, మట్టి ఉంటే తక్కువ ప్రెషర్ నీళ్లతోని కడుగు, ఎక్కువ పెడితే రెక్కలు వంగుతయి.

నీ మామ