టీమ్ లీడ్ క్లింగాన్ అభిమాని అయితే

"మా టీమ్ లీడ్ మీటింగ్ మధ్యలో క్లింగాన్ల సంగతేదో ఎత్తుతాడు, అందరూ పగలబడి నవ్వుతారు, నేనొక్కణ్ణే బిక్కమొహం వేసుకుని కూర్చుంటాను. ఇప్పుడు లేబర్ డే వారాంతంలో అట్లాంటా డౌన్‌టౌన్‌లో ఊరేగింపు ఉంది, ఆయన ఆ వేషంలో నడుస్తున్నాడు, టీమంతా చూడ్డానికి రావాలంటున్నారు. వెళ్లాలా, ఏదో వంక చెప్పి తప్పించుకోవాలా?" అట్లాంటా పక్కనున్న ఆల్ఫరెట్టాకి కొత్తగా వచ్చిన ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది.

వెళ్లండి. అమెరికన్ సహోద్యోగులతో ఏం మాట్లాడాలో తెలియక మనవాళ్లు వాతావరణం దగ్గర మొదలుపెట్టి వాతావరణం దగ్గరే ఆగిపోతారు. జీతం అడగకూడదు, మతం ఎత్తకూడదు, రాజకీయాలు అసలే వద్దు. అలాంటి చోట ఒక మనిషి తనకి ప్రాణమైన విషయం తనంతట తానే బయటపెడుతున్నాడంటే అంతకన్నా మంచి అవకాశం ఏముంటుంది? కాకపోతే కాస్త తెలుసుకుని వెళ్తే మీకూ బాగుంటుంది.

క్లింగాన్లు స్టార్ ట్రెక్ టీవీ సీరియల్‌లోని ఒక గ్రహాంతర జాతి. సీరియల్ 1966లో మొదలైతే, వీళ్లు 1967లో అడుగుపెట్టారు. కోల్డ్ వార్ రోజులు కదా, సోవియట్‌వాళ్లని తలపించే శత్రువులు కావాల్సి వచ్చింది. మొదట్లో వాళ్లు అచ్చం మనుషుల్లాగే ఉండేవారు. నుదుటి మీద ఆ ఎగుడుదిగుడు ఎముకలు 1979 సినిమాతో వచ్చాయి. 1987లో మొదలైన కొత్త సీరియల్లో వోర్ఫ్ అనే క్లింగాన్‌ని ఏకంగా మనుషుల అంతరిక్ష నౌకలో ఉద్యోగిగా పెట్టారు. నన్నడిగితే అసలు కథ అక్కడే మొదలైంది. అప్పటిదాకా విలన్లుగా ఉన్నవాళ్లకి ఇల్లు, పెళ్లి, పండగ, చావు, అన్నీ వచ్చాయి. వోర్ఫ్‌ని పెంచింది భూమ్మీది తల్లిదండ్రులు. పరాయి జాతి మధ్య ఉద్యోగం చేస్తూ, సొంత ఆచారాలని సొంతవాళ్లకన్నా గట్టిగా పట్టుకుని కూర్చుంటాడు. అమెరికాలో పదేళ్లున్న మనవాళ్లకి ఆ మనిషిని పరిచయం చేయక్కర్లేదు.

వాళ్ల గ్రహం పేరు క్రోనోస్. సమాజమంతా వంశాల మీద నడుస్తుంది. మనిషికన్నా వంశం పరువు పెద్దది, తండ్రి మీద పడ్డ మచ్చ కొడుకులు మోయాలి. తప్పు చేసినవాణ్ణి పెద్దల సభ వెలివేస్తుంది. సభలో ఒక్కొక్కరే చేతులు ఎదురుగా అడ్డంగా పెట్టుకుని, అతనికి వీపు చూపించి నిలబడతారు. పల్లెల్లో వెలి గురించి తాతల దగ్గర విన్నవాళ్లకి ఆ సీన్ చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది.

పెళ్లి సంగతి అయితే మరీ. కోడలిని ఇంట్లోకి రానివ్వాలా వద్దా అన్నది ఇంటి యజమానురాలి ఇష్టం, వంశానికి అధిపతి అయిన భర్త కూడా మధ్యలో కల్పించుకోలేడు. పెళ్లికూతురు ఆవిడ పెట్టే పరీక్షలన్నీ నెగ్గాలి, ఆ ఇంటి ఆడవాళ్ల వంశచరిత్ర తరాల వెంట అప్పజెప్పాలి. పెళ్లికొడుకు, అతని స్నేహితులు నాలుగు రాత్రులు ఉపవాసం ఉండి, నిప్పుల మీద వేలాడుతూ రకరకాల బాధలు పడాలి. బ్యాచిలర్ పార్టీ అనుకుని సంబరంగా వెళ్లిన భూమ్మీది స్నేహితులిద్దరు ఆకలితో నకనకలాడుతూ వేలాడే సీన్ ఒకటుంది, నవ్వి నవ్వి కడుపు నొప్పి పుడుతుంది. చివర్లో వచ్చిన అతిథులు కర్రలు పట్టుకుని కొత్త జంట మీదపడతారు. అక్షింతలు ఎంత నయమో!

చనిపోయినవాళ్లకి మాత్రం మనలాగా పదకొండు రోజుల కార్యక్రమాలు ఉండవు. ప్రాణం పోయాక శరీరం ఖాళీ తొక్క, దాన్ని ఎలాగైనా పారేయొచ్చు అంటారు. పోతున్నవాడి కనురెప్పలు తెరిచి కళ్లలోకి చూసి, తల పైకెత్తి పెద్దగా అరుస్తారు. యోధుడొకడు వస్తున్నాడు, జాగ్రత్త అని పైలోకంలో ఉన్నవాళ్లకి హెచ్చరిక అది. ఊరేగింపులో ఎవరైనా ఉన్నట్టుండి అలా అరిస్తే కంగారుపడి 911కి ఫోన్ చేయకండి.

తిండి: గాగ్ అని బతికున్న పురుగులు, వాటితో రక్తం రంగు సారా. శాకాహారులు భయపడక్కర్లేదు, వేషాలు వేసుకునేవాళ్లు తినేది మామూలు నూడుల్సే. వోర్ఫ్‌కి ఎవరో ప్రూన్ జ్యూస్ ఇస్తే ఒక గుక్క తాగి, ఇది యోధులు తాగాల్సిన పానీయం అంటాడు. ఇక్కడ ప్రూన్ జ్యూస్ అంటే ముసలివాళ్లు మలబద్ధకానికి తాగేది, జోకు అదీ. ఆఫీసు పాట్‌లక్‌కి మీ పులిహోరతో పాటు ఒక ప్రూన్ జ్యూస్ సీసా పట్టుకెళ్లి టీమ్ లీడ్ ముందు పెట్టండి. ఇంకేమీ మాట్లాడక్కర్లేదు.

క్లింగాన్ల భాష విషయంలో మనకి కలిసొచ్చేది కొంత ఉంది. మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త 1984 సినిమా కోసం దీన్ని నిర్మించి, 1985లో నిఘంటువు వేశాడు. వినడానికి వింతగా ఉండాలని వరస తిప్పేశాడు, ముందు కర్మ, తర్వాత క్రియ, చివర కర్త. అమెరికన్లు నోరు తిరక్క అవస్థపడే డ, ష మనకి పుట్టుకతో వచ్చినవే. క్రియకి ముక్క మీద ముక్క తగిలించుకుంటూ పోవడం కూడా మనకి అలవాటే. 'అర్థమైందా?' అని మనం చివర 'ఆ' తగిలించినట్టే వాళ్లూ తగిలిస్తారు: 'బియజా?' ఇదొక్కటి నేర్చుకోండి, కోడ్ రివ్యూలో పనికొస్తుంది. నమస్కారం, కులాసానా లాంటివి మాత్రం వెతక్కండి. ఎదురుపడితే 'ఏం కావాలి?' అని అడగడమే వాళ్ల పలకరింపు. 1992 నుంచి ఈ భాషకి ప్రత్యేకంగా ఒక సంస్థ నడుస్తోంది, 2018లో డ్యుయోలింగోలో పాఠాలు కూడా వచ్చాయి. డార్మండ్ స్పీర్స్ అనే భాషావేత్త అయితే కొడుకు పుట్టాక మొదటి మూడేళ్లూ వాడితో క్లింగాన్‌లోనే మాట్లాడాడు. ఇంట్లో పిల్లలతో తెలుగు మాట్లాడటానికి బద్ధకించే తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

చూపుడువేలు, మధ్యవేలు ఒక జట్టు, మిగతా రెండూ ఇంకో జట్టుగా విడదీసి ఎవరైనా చెయ్యి చూపిస్తే అది క్లింగాన్ కాదు, వల్కన్, అదే సీరియల్లోని ఇంకో గ్రహాంతర జాతి. స్పాక్ అనే వల్కన్ పాత్ర వేసిన లెనార్డ్ నిమోయ్ చిన్నప్పుడు యూదుల ప్రార్థనామందిరంలో చూసిన ఆశీర్వాద ముద్ర అది. మీరూ అలాగే చెయ్యెత్తితే చాలు. వల్కన్లు శాకాహారులు, కానీ అన్నం చేత్తో ముట్టుకోరు, అక్కడ మాత్రం మనకి పొసగదు.

ఇక చేయకూడనివి. మొట్టమొదటిది, స్టార్ వార్స్‌తో కలపకండి. అది వేరే, ఇది వేరే, కలిపితే వాళ్ల మొహం మాడిపోతుంది. చూడనిది చూశానని చెప్పకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. "ఈ వయసులో ఇదేం పిచ్చి" అన్న నవ్వు మొహం మీద రానివ్వకండి. హీరో కటౌట్‌కి పాలాభిషేకం చేసే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఆ మాట అనే అర్హత మనకెక్కడిది? హాలోవీన్‌కి మీరూ నుదురు అతికించుకుంటే సరదాగానే ఉంటుంది గానీ మొహానికి నల్లరంగు మాత్రం పూసుకోవద్దు. ఈ దేశంలో దాని వెనక నల్లవాళ్లని వెక్కిరించిన చరిత్ర ఉంది, ఉద్యోగం మీదకే రావచ్చు. పిల్లాడికి వాళ్ల వంపు కత్తి బొమ్మ కొన్నా స్కూలుకి పంపకండి, బొమ్మ ఆయుధమైనా చాలా స్కూళ్లు ఒప్పుకోవు.

మీరడిగిన ఊరేగింపు డ్రాగన్ కాన్ అనే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంబరంలో భాగం. ఆ సంబరం 1987 నుంచి జరుగుతోంది. ఊరేగింపు శనివారం పొద్దున్నే పీచ్‌ట్రీ స్ట్రీట్ మీద నడుస్తుంది, నిలబడి చూడటానికి టికెట్ అక్కర్లేదు, హోటళ్ల లోపల కార్యక్రమాలకి మాత్రం కావాలి. కారులో డౌన్‌టౌన్ దాకా వెళ్లారంటే పార్కింగ్ దొరక్క చుక్కలు కనిపిస్తాయి. నార్త్ స్ప్రింగ్స్ స్టేషన్లో కారు పెట్టేసి మార్టా రైలెక్కి పీచ్‌ట్రీ సెంటర్లో దిగండి. స్టేషన్ బాగా లోతులో ఉంటుంది, ఆ ఎస్కలేటర్ ఎంతకీ అయిపోదు, స్ట్రోలర్‌తో వెళ్లేవాళ్లు లిఫ్ట్ చూసుకోవాలి. సెప్టెంబర్ వస్తున్నా ఎండ తగ్గదు, నీళ్లు, టోపీ మర్చిపోకండి. వేషం వేసుకున్నవాళ్లని అడక్కుండా ఫొటో తీయొద్దు, వాళ్ల సామాన్లు ముట్టుకోవద్దు. అడిగితే మాత్రం మీ పిల్లల్ని పక్కన నిలబెట్టుకుని మరీ భయంకరంగా పోజిస్తారు.

సీరియల్ అంతా కూర్చుని చూడాలా అంటారా, అక్కర్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో టీమ్ లీడ్‌నే అడగండి, ఒకటడిగితే పది చెప్తాడు. అందులో పెళ్లి ఎపిసోడ్ లేకపోతే గుర్తుచేసి మరీ రాయించుకోండి. మీ అమ్మగారు విజిట్‌కి వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు, ఆ అత్తగారు ఆవిడకి తెగ నచ్చుతుంది.