యూనియన్ వదిలేసే ముందు లెక్కల పుస్తకం అడగండి

మీరు రాసింది చదివాను. విజయవాడ ఆటోనగర్‌లో మీ ఫ్యాక్టరీలో కొత్త వేతన ఒప్పందం అయింది, పర్మినెంటు వాళ్లకి పెరిగింది, కాంట్రాక్టు వాళ్ల ఊసే లేదు, అడిగితే సెక్రటరీ కసురుకున్నాడు, కాబట్టి బయటికొచ్చి వేరే యూనియన్ పెట్టుకుందామా అంటున్నారు. ఇప్పుడే వద్దండి. ముందు లోపల ఉండే గట్టిగా అడగండి.

నేను గుంటూరు దగ్గర ఒక స్పిన్నింగ్ మిల్లులో రింగ్ ఫ్రేముల (నూలు వడికే యంత్రాల) మీద పనిచేశాను. ఒప్పందం అయిందని గేటు దగ్గర టపాకాయలు కాల్చి స్వీట్లు పంచారు గానీ, కాగితం ఎవరికీ చూపించలేదు. తీరా జీతాలు చేతికొచ్చాక చూస్తే బదిలీ కార్మికులకీ (ఎవరైనా రాని రోజు వాళ్ల బదులు పనిచేసేవాళ్లు), వైండింగ్‌లో (నూలు చుట్టే విభాగంలో) చేసే ఆడవాళ్లకీ పైసా పెరగలేదు. జనరల్ బాడీలో (సభ్యులందరి సమావేశంలో) లేచి ఒప్పందం మొత్తం పైకి చదవమన్నాను. "మనలో మనం కొట్టుకుంటే యాజమాన్యానికే లాభం" అని నాయకుడు నన్ను కూర్చోబెట్టబోయాడు. అప్పుడు వైండింగ్ అక్క ఒకామె టిఫిను సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన చందా రసీదుల కట్ట తీసి బల్ల మీద పెట్టి, "డబ్బులు తీసుకున్నప్పుడు నేనూ మెంబర్నే కదన్నా, వీటి మీద బదిలీ అని ఎక్కడ రాశారో చూపించు" అంది. వెనక బెంచీల్లో ఉన్న పర్మినెంటు వాళ్లు కూడా చదవండి, చదవండి అని అరిచారు.

చదవక తప్పలేదు. అదనపు డిమాండ్ల పత్రం తయారై లేబర్ ఆఫీసుకు వెళ్లింది. నెలల తరబడి తిరిగాక వైండింగ్ వాళ్లకి పెంపు వచ్చింది, బదిలీ వాళ్లకి అందులో సగమే వచ్చింది, రాత్రి షిఫ్టు ఆడవాళ్లకి అడిగిన బండి మాత్రం రాలేదు. అది నాకిప్పటికీ బాధే.

అలా అడిగే హక్కు మనకి ఊరికే రాలేదు. 1918 ఏప్రిల్‌లో మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో బి.పి. వాడియా మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టినప్పుడు (మన గుంటూరు, బెజవాడ కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే) యూనియన్లకి చట్టరక్షణే లేదు. కంపెనీ హైకోర్టుకెళ్లి నాయకుల మీద ఇంజంక్షన్ (అడ్డుకునే కోర్టు ఉత్తర్వు) తెచ్చింది. ఆ దెబ్బతోనే కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి 1921లో కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టడం, చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం రావడం జరిగాయి. నాయకుల్ని కోర్టు కేసుల నుంచి కాపాడిన ఆ చట్టమే, ఏటా ఆడిట్ చేయించాలనీ, లెక్కల పుస్తకాలు సభ్యులు చూసుకునే వీలు ఉండాలనీ యూనియన్ నిబంధనల్లో రాసుకోమంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది, అందులోనూ ఈ రూలు ఉంది, కాబట్టి సభ్యులుగా లెక్కల పుస్తకం చూపించమని మీరూ అడగొచ్చు.

విడిపోవద్దనడానికి ఇంకో కారణం కూడా ఈ కోడే. ఒకటి కంటే ఎక్కువ యూనియన్లు ఉన్నచోట 51 శాతం కార్మికులు వెనకున్న యూనియనే యాజమాన్యంతో బేరమాడుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే బేరమాడటానికి యూనియన్ల ప్రతినిధులతో కౌన్సిల్ వేస్తారు, అందులో సీటు కావాలన్నా కనీసం 20 శాతం ఉండాలి. కోపంలో ఓ ముప్ఫై మంది బయటికొచ్చేస్తే అసలు మాట్లాడే కుర్చీయే దొరక్కపోవచ్చు.

ముందు మీ యూనియన్ బైలాస్ (నిబంధనల) కాపీ సంపాదించండి, జనరల్ బాడీ పిలిపించాలంటే ఎంతమంది సంతకాలు కావాలో అందులో ఉంటుంది. ఆ సంతకాల్లో కాంట్రాక్టు వాళ్లవే కాకుండా నలుగురు పర్మినెంటు వాళ్లవి కూడా ఉండేలా చూడండి, లేకపోతే మిమ్మల్ని ఓ పక్కకి నెట్టేయడం చాలా తేలిక. మీ చందా రసీదులు కూడా వెతికి పెట్టుకోండి. ఒప్పందం మీద సంతకాలు లేబర్ అధికారి జరిపిన రాజీ చర్చల్లో అయ్యాయా, యాజమాన్యం గదిలోనే అయిపోయాయా అన్నది కూడా కనుక్కోండి. రాజీ చర్చల్లో అయితే అది సాధారణంగా అందరికీ వర్తిస్తుంది, లేకపోతే ఒప్పందం చేసుకున్న పక్షాలకే. అది తెలియగానే ఇక్కడ రాయండి, తర్వాత ఏం చేయాలో దాన్నిబట్టి చెప్తాను.