మైక్రోబయాలజీయా, పర్యావరణమా, అకౌంటింగా: ఫ్రీమాంట్ నుంచి వచ్చిన ప్రశ్న

ప్రశ్న: మేం గత నవంబర్‌లో డాలస్ నుంచి ఫ్రీమాంట్‌కి మారాం. మావారిది హెచ్-1బీ, ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్) అప్రూవ్ అయింది. నాది హెచ్-4 (డిపెండెంట్ వీసా), ఈఏడీకి, అంటే పనిచేసే అనుమతికి, అప్లై చేసి ఎదురుచూస్తున్నాను. విశాఖలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదివి, హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ల్యాబ్‌లో మూడేళ్లు పనిచేశాను. పాపకి మే నెలలో నాలుగేళ్లు నిండాయి, ప్రీస్కూల్‌కి నెలకి 1,900 డాలర్లు అడుగుతున్నారు. ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ, పర్యావరణం, బిజినెస్ అకౌంటింగ్ కోర్సులు చూశాను. మా ఊరు కొల్లేరు పక్కనే కాబట్టి పర్యావరణం మీద మనసు లాగుతోంది, ఫ్రెండ్స్ అకౌంటింగ్ అంటున్నారు, మావారు లోన్ తీసుకుని 45 వేల డాలర్ల మాస్టర్స్‌లో చేరమంటున్నారు. నా చదువు కోసమని పక్కన పెట్టింది 14 వేల డాలర్లు. ఆగస్టులో ఎందులో చేరాలి?

జవాబు:

ఆగస్టులో ఫీజు కట్టే కోర్సు దేంట్లోనూ చేరకండి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్ర నివాసులకు సెమిస్టర్ యూనిట్ (కోర్సుల్ని కొలిచే క్రెడిట్) 46 డాలర్లు, 2012 నుంచి అదే రేటు నడుస్తోంది. మీరు చూసింది ఆ రేటే అయి ఉంటుంది. కానీ ఆ రేటు రావాలంటే సెమిస్టర్ మొదలయ్యే ముందురోజు నాటికి మీరు ఈ రాష్ట్రంలో కాపురం పెట్టి ఏడాది మీద ఒక రోజు అయి ఉండాలి, ఇక్కడే ఉండిపోయే ఉద్దేశం కాగితాల్లో కనిపించాలి. నవంబర్‌లో వచ్చినవాళ్లకి ఆగస్టుకి అది కుదరదు, జనవరి చివర్లో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్‌కి కుదురుతుంది. బయటి రాష్ట్రం వాళ్ల రేటు కాలేజీని బట్టి మారుతుంది. లెక్క కోసం యూనిట్‌కి ఇంకో 350 డాలర్లు అనుకుంటే, 12 యూనిట్లకి 552 డాలర్లతో పోయేది 4,752 అవుతుంది. అంటే మీ 14 వేలలో మూడో వంతు, ఐదు నెలలు ఆగలేకపోయినందుకు.

హెచ్-4 వాళ్లకి నివాసి రేటు ఎప్పటికీ రాదని వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, అది నిజం కాదు. రానిది ఎఫ్-1 (విద్యార్థి), బీ-2 (సందర్శకుడు) లాంటి వీసాల వాళ్లకి. హెచ్-4 మీద ఉన్నవాళ్లు నివాసులు కావచ్చు, ఈఏడీ లేకపోయినా చదువుకోవచ్చు. కాకపోతే కాలేజీ వాళ్లు ఏడాది కిందటి తేదీలున్న రుజువులు అడుగుతారు కాబట్టి గత నవంబర్, డిసెంబర్ నెలల్లో మీ పేరు మీద తయారైన కాగితాలు, అంటే లీజు, బ్యాంకు స్టేట్‌మెంట్, కాలిఫోర్నియా డ్రైవింగ్ లైసెన్సు, కారు రిజిస్ట్రేషన్, రాష్ట్రానికి వేసిన ట్యాక్స్ రిటర్న్, ఇవన్నీ ఇప్పుడే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. అన్నీ మీవారి పేరు మీదే ఉన్నాయంటే అడ్మిషన్స్ ఆఫీసుకి ఈ నెలలోనే వెళ్లి, వాళ్లు వేరే ఏం ఒప్పుకుంటారో అడగండి.

ఇక నెలకి 1,900 సంగతి. మీ ఉత్తరంలో అసలు పెద్ద ఖర్చు ఇదే, కాలేజీ ఫీజు కాదు. సెప్టెంబర్ 1 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలందరికీ కాలిఫోర్నియా పబ్లిక్ స్కూళ్లలో ట్రాన్సిషనల్ కిండర్‌గార్టెన్, అందరూ టీకే అంటారు, ఉచితం. 2025-26 నుంచి ఇది ఆ వయసు పిల్లలందరికీ వర్తిస్తోంది, వీసాతో సంబంధం లేదు. మీ పాపకి మే నెలలోనే నిండాయి కదా, కాబట్టి మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసులో రేపే నమోదు చేయించండి. కొన్ని చోట్ల టీకే కొద్ది గంటలే ఉంటుంది, అయినా ఉదయం పూట మీకు దొరికే ఆ సమయం చాలు, కోర్సుల్ని ఆ వేళలకి తగ్గట్టు ఎంచుకోండి. మీవారి ఆఫీసులో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ, అంటే పిల్లల సంరక్షణ ఖర్చుకి జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టుకునే ఖాతా, ఉందని ఎవరైనా చెబితే మాత్రం తొందరపడి డబ్బు కోయించుకోకండి. 2026 నుంచి దాని పరిమితి 7,500 డాలర్లకి పెరిగింది, నిజమే, కానీ భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, లేదా సంపాదన లేనివాళ్లు ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయి ఉండాలి. ఫుల్‌టైమ్ అంటే సాధారణంగా 12 యూనిట్లు. అప్పుడు కూడా ఒక్క బిడ్డ ఉంటే చదివిన నెలకి 250 డాలర్ల సంపాదన ఉన్నట్టు మాత్రమే లెక్క వేస్తారు. మీరు రెండు కోర్సులే తీసుకుంటే ఆ మినహాయింపు సున్నా. మీకు ఉద్యోగం వచ్చినప్పుడు ఏడాది మధ్యలో అయినా చేరే అవకాశం చాలా కంపెనీలు ఇస్తాయి, అప్పుడు చూసుకోవచ్చు.

ఇప్పుడు ఏం చదవాలన్నది. నా ఓటు బయాలజీకే, ఎందుకంటే ఐదేళ్ల చదువు, మూడేళ్ల అనుభవం మీ చేతిలో ఇప్పటికే ఉన్నాయి. అయితే బయాలజీ అని కొత్తగా మొదలుపెట్టి మొదటి ఏడాది పాఠాలు మళ్లీ చదవడం దండగ. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ వాళ్లకి ఇక్కడ మంచి దారి సీఎల్‌ఎస్, అంటే క్లినికల్ లేబరేటరీ సైంటిస్ట్ లైసెన్సు. దానికి కాలిఫోర్నియా అడిగేది డిగ్రీతో పాటు 16 యూనిట్ల కెమిస్ట్రీ, 18 యూనిట్ల బయాలజీ, అందులో హెమటాలజీ, ఇమ్యునాలజీ, మెడికల్ మైక్రోబయాలజీ తప్పనిసరి, పైన 3 యూనిట్ల ఫిజిక్స్. మీ బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) గ్రూప్ అయితే ఫిజిక్స్ అసలు ఉండదు, హెమటాలజీ కూడా బహుశా ఉండదు. ఫిజిక్స్‌ని 46 డాలర్ల రేటుకి కమ్యూనిటీ కాలేజీలో పూర్తి చేసుకోవచ్చు. హెమటాలజీ లాంటివి చాలా కమ్యూనిటీ కాలేజీల్లో దొరకవు, యూనివర్సిటీల ఎక్స్‌టెన్షన్‌లో తీసుకోవాల్సి వస్తుంది, అక్కడ ఫీజు బాగా ఎక్కువ. కోర్సులయ్యాక ట్రైనీ లైసెన్సు, గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో ఏడాది ట్రైనింగ్, తర్వాత పరీక్ష. ఆ ట్రైనింగ్ సీట్లకి పోటీ చాలా గట్టిగా ఉంటుంది, జీతం ఇచ్చే సీటు అయితే ఈఏడీ చేతిలో ఉండాలి. అందుకే ముందు విశాఖలో తెలిసినవాళ్లని యూనివర్సిటీకి పంపి సీల్డ్ కవర్‌లో ట్రాన్‌స్క్రిప్ట్‌లు తెప్పించి ఎవాల్యుయేషన్, అంటే మీ చదువు ఇక్కడి లెక్కలో ఎన్ని యూనిట్లో చెప్పే రిపోర్ట్, చేయించండి. ఆగస్టు నుంచి జనవరి దాకా మీకున్న పని అదే, ఆ సమయం పట్టేస్తుంది కూడా. లోటు రెండు కోర్సులే అని తేలితే సీఎల్‌ఎస్ దారిలో వెళ్లండి. నాలుగైదు అని వస్తే వదిలేయండి, అప్పుడు మీ క్యూసీ అనుభవంతో నేరుగా బయోటెక్ ఉద్యోగాలకి ప్రయత్నించడం మంచిది. యూఎస్‌ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్లు, జీఎంపీ (మందుల తయారీ నాణ్యత నియమాలు), ఎస్‌ఓపీలు (పని చేసే పద్ధతి రాసిన పత్రాలు), డాక్యుమెంటేషన్ హైదరాబాద్‌లో చేసినవాళ్లకి ఇక్కడ కొత్త కాదు, రెజ్యూమేలో ఆ మాటలు పైన కనిపించాలి. మీ ఊళ్లోని ఓలోనీ కాలేజీకి నూవార్క్‌లో ఉన్న క్యాంపస్‌లో బయోటెక్నాలజీ కోర్సులున్నాయి, ఇక్కడి పరికరాల మీద చెయ్యి తిరగడానికి ఒక్కటి తీసుకుంటే చాలు.

అకౌంటింగ్‌ని రెండో స్థానంలో పెట్టినా వదిలెయ్యమని మాత్రం చెప్పను. గ్రీన్‌కార్డు వరుసలో మనవాళ్లు ఎన్నేళ్లు నిలబడుతున్నారో మీకు తెలుసు. మీవారి ఉద్యోగం పోతే ఉన్న గడువు 60 రోజులు, దాంతోపాటు మీ ఈఏడీ కూడా ప్రమాదంలో పడుతుంది. రేపు హైదరాబాద్ తిరిగి వెళ్లాల్సి వస్తే కాలిఫోర్నియా సీఎల్‌ఎస్ లైసెన్సుకి అక్కడ విలువ దాదాపు ఉండదు. అమెరికా ట్యాక్స్, అకౌంటింగ్ తెలిసినవాళ్లకి మాత్రం అక్కడ గిరాకీ ఉంది, పెద్ద ఆడిట్ సంస్థల అమెరికా ట్యాక్స్ పని చాలా భాగం హైదరాబాద్‌లోనే జరుగుతోంది. దీనికి వెంటనే సీపీఏ (మన సీఏ లాంటిది) అనుకోనక్కర్లేదు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వాళ్ల ఎన్‌రోల్డ్ ఏజెంట్ (ట్యాక్స్ నిపుణుల గుర్తింపు) పరీక్ష ఉంది, మూడు భాగాలు, దానికి డిగ్రీ షరతు లేదు, యూనిట్ల లెక్క లేదు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఒకటి, ఇండివిడ్యువల్ ట్యాక్స్ ఒకటి కమ్యూనిటీ కాలేజీలో చదివి, జనవరి నుంచి ఏప్రిల్ దాకా వీటా కేంద్రంలో వాలంటీర్‌గా తక్కువ ఆదాయం వాళ్లకి ఉచితంగా రిటర్న్‌లు వేసిపెట్టండి. ట్రైనింగ్ వాళ్లే ఇస్తారు, జీతం లేని సేవ కాబట్టి ఈఏడీ అక్కర్లేదు, అక్కడ మీ చేతి మీదుగా పోయే కాగితాలు నేర్పేది ఏ పుస్తకమూ నేర్పదు.

పర్యావరణం గురించి రాయడం కొంచెం కష్టంగా ఉంది. 2006లో కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజుల్ని, ఆ తర్వాత మళ్లీ ఏం జరిగిందో చూసిన మనిషికి ఈ చదువు మీద ఎందుకు ప్రాణమో అర్థమవుతుంది. కానీ ఇక్కడ ఈ రంగంలో ఉద్యోగాలు చాలా భాగం ప్రభుత్వాలవి, ఫెడరల్ వాటికి పౌరసత్వం అడుగుతారు. గడువున్న ఈఏడీతో మొదటి ఉద్యోగానికి దీన్ని నమ్ముకోమని నేను అనలేను. డి ఆంజా కాలేజీలో కిర్ష్ సెంటర్ అని పర్యావరణ అధ్యయనాలకే ఒక భవనం ఉంది, కూపర్టినో మీకు దూరం కాదు. ఏడాది తర్వాత అక్కడ ఒక్క కోర్సు మీ సంతోషం కోసం తీసుకోండి. అక్కడ సెమిస్టర్లకి బదులు క్వార్టర్లు, క్వార్టర్ యూనిట్ 31 డాలర్లు, నాలుగు యూనిట్లకి 124. ఈ ఖర్చుకి మీరు ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

ట్యాక్స్ లాభం మీద పెద్ద ఆశలు వద్దు. 2,500 డాలర్ల ట్యాక్స్ క్రెడిట్ కాలేజీ చదువులో మొదటి నాలుగేళ్ల వాళ్లకి, మీరు అది దాటేశారు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కట్టిన ఫీజులో 20 శాతం, 552 డాలర్లకి 110 వస్తుంది, అదీ మీ ఉమ్మడి ఆదాయం లక్షా 60 వేల లోపు ఉంటేనే పూర్తిగా, లక్షా 80 వేలకి ఏమీ మిగలదు. కంపెనీలు చదువుకి ఇచ్చే 5,250 డాలర్ల పన్నులేని సాయం ఉద్యోగి చదువుకే, భార్య చదువుకి కాదు.

మాస్టర్స్‌కి అప్పు ఇప్పుడొద్దు. ఈఏడీ రాకముందు, ఎవాల్యుయేషన్ చూడకముందు 45 వేల అప్పు నెత్తిన పెట్టుకుంటే, మీవారికి ఉద్యోగం పోయిన నెలలో కూడా ఆ కిస్తీ ఆగదు. 14 వేలలో 2,500 తీసి చదువుకి వేరే ఖాతాలో వెయ్యండి, ఎవాల్యుయేషన్, పుస్తకాలు, కాలేజీ చిల్లర ఫీజులు అన్నీ కలిపి మొదటి ఏడాదికి అది సరిపోవాలి. మిగతాది హై ఈల్డ్ సేవింగ్స్‌లో ఉంచండి, ఇంటి ఆరు నెలల ఖర్చు వేరేగా దాచి ఉంటే తప్ప దాన్ని కదపకండి. ఈఏడీ వచ్చాక రెన్యువల్‌ని గడువుకి 180 రోజుల ముందే వెయ్యండి, 2025 అక్టోబర్ 30 నుంచి వేసే రెన్యువల్స్‌కి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు.

స్ప్రింగ్‌కి రిజిస్ట్రేషన్ నవంబర్ ప్రాంతంలో తెరుస్తారు. ఫైనాన్షియల్ అకౌంటింగ్ ఒకటి, ఎవాల్యుయేషన్‌లో లోటు అని వస్తే ఫిజిక్స్ ఒకటి, ఈ రెండే పెట్టుకోండి. షెడ్యూల్‌లో పుస్తకాల ఖర్చు లేని సెక్షన్లకి గుర్తు ఉంటుంది, వాటినే చూడండి. కుదరదనిపిస్తే డబ్బు వాపసు వచ్చే ఆఖరి తేదీ లోపే డ్రాప్ అవ్వండి. రిపోర్ట్ వచ్చాక ఏ కోర్సులు లోటని రాశారో నాకు పంపితే, సీఎల్‌ఎస్ ఖర్చు మొత్తం లెక్క వేసి చెబుతాను.