న్యాయ సలహా: కొట్టు పంపకంలో పెద్దమనుషుల మాట చెల్లుతుందా?

ప్రశ్న: రాజమండ్రిలో మాకు బట్టల హోల్‌సేల్ కొట్టు ఉంది. జీఎస్టీ, బ్యాంకు కరెంట్ ఖాతా, కొట్టు గది అన్నీ నాన్నగారి పేరు మీదే. గది ఆయన సొంత సంపాదనతో కొన్నది. పదిహేనేళ్లుగా వ్యాపారం చూస్తున్నది మాత్రం నేను. నాలుగు నెలల క్రితం ఆయన వీలునామా రాయకుండానే పోయారు. అమ్మ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అన్నయ్య, పెళ్లయిన అక్క ఉన్నారు. అన్నయ్య తన వాటా బయటివాళ్లకు అమ్మేస్తానంటున్నాడు. మా వ్యాపారుల అసోసియేషన్ పెద్దలు కూర్చుని తేలుస్తామంటున్నారు. అది తేలేదాకా నాన్న జీఎస్టీ నంబరు మీదే రిటర్నులు వేద్దామని ఆడిటర్ గారు అంటున్నారు. కోర్టుకెళ్లడం ఇష్టం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆడిటర్ గారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అదొక్కటే ఆగని పని. చనిపోయిన మనిషి నంబరు మీద బిల్లులు కొట్టడం, ఆయన లాగిన్‌తో రిటర్నులు వేయడం ఇవాళే ఆపేయండి. ఒక్కరి యాజమాన్యంలోని వ్యాపారానికి పాన్ ఆ మనిషిదే, జీఎస్టీ నంబరు ఆ పాన్ మీదే ఉంటుంది. మనిషి పోయాక ఆ నంబరుతో కొత్త అమ్మకాలు చూపించడానికి వీల్లేదు. వ్యాపారం కొనసాగించే వారసుడు తన పేరుతో కొత్త రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి 30 రోజుల గడువుంది, మీకది దాటిపోయింది కాబట్టి ఇంక ఆలస్యం చేయకండి. దరఖాస్తులో కారణం దగ్గర యజమాని మరణం అని రాయాలి. నాన్నగారి ఖాతాలో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను తాలూకు జమను) ఐటీసీ-02 ఫారంతో మీ నంబరుకు మార్చుకోవచ్చు, కానీ పాత నంబరు రద్దుకు పెట్టకముందే ఆ పని జరగాలి. 2019 మార్చి 28 నాటి జీఎస్టీ సర్క్యులర్ ఈ వరస అంతా చెప్పింది. చార్టర్డ్ అకౌంటెంట్ సర్టిఫికెట్ కావలసింది ఈ క్రెడిట్ మార్పుకే. మీ ఆడిటర్ గారి సాయం ఈ పనికి వాడుకోండి.

ఇంకో మాట. వ్యాపారం మీరు కొనసాగిస్తే నాన్నగారి పాత పన్ను బకాయిలు, వడ్డీ, పెనాల్టీ మీ నెత్తిన పడతాయి. వ్యాపారం మూసేసి ఉంటే, ఆయన వదిలిన ఆస్తి మేరకే బాధ్యత ఉండేది. అందుకే పాత లెక్కలు చూడకుండా ముందుకు వెళ్లకండి. రిజిస్ట్రేషన్ మీ ఒక్కరి పేరు మీద రాగానే అన్నయ్యకు అనుమానం రావడం సహజం. ‘ఇది వ్యాపారం ఆగకుండా ఉండటానికే, వాటాలకు సంబంధం లేదు’ అని రాసి నలుగురూ సంతకాలు పెట్టుకోండి.

ఇక వాటాలు. మీది హిందూ కుటుంబం అనుకుని చెబుతున్నాను. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, అన్నయ్య, అక్క, మీరు నలుగురూ సమానం, తలా పావలా. అక్కకు పెళ్లప్పుడు ఎంత పెట్టారన్నది ఇందులోకి రాదు. మీ పదిహేనేళ్ల కష్టానికి కూడా ఈ చట్టం విడిగా ఏమీ ఇవ్వదు. వినడానికి బాధగా ఉన్నా ఉన్నమాట అది.

అన్నయ్య విషయంలో మాత్రం చట్టం మీ వైపు ఉంది. అదే చట్టంలో 22వ సెక్షన్ గురించి చాలామంది లాయర్లే మర్చిపోతుంటారు. వీలునామా లేకుండా పోయినవారి స్థిరాస్తి గానీ వ్యాపారం గానీ మొదటి తరగతి వారసులకు, అంటే భార్య, పిల్లల వంటి దగ్గరివారికి వచ్చినప్పుడు, వారిలో ఒకరు తన వాటా అమ్మదలిస్తే మిగతావారికి ముందుగా కొనే హక్కు ఉంటుంది. ధర కుదరకపోతే కోర్టు నిర్ణయిస్తుంది. కోర్టు చెప్పిన ధరకు మీరు కొననంటే మాత్రం ఖర్చులు మీరే భరించాలి. మీరూ అక్కా ఇద్దరూ పోటీపడితే ఎక్కువ ఇచ్చేవారికే దక్కుతుంది. కాబట్టి ‘నీ వాటా నేనే కొంటాను’ అని అన్నయ్యకు ఇప్పుడే రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్‌లో అరుచుకుని లాభం లేదు.

పెద్దల విషయానికొస్తే, వాళ్లను పిలవండి అనే నా సలహా. మీ సరుకు విలువ జడ్జిగారి కంటే వాళ్లకు బాగా తెలుసు. కొట్టు వెనక గదిలో మూడేళ్లుగా కదలని సూరత్ చీరల బేలుకు బిల్లు రేటు వేస్తే మీరు మునుగుతారు, చిత్తు రేటు వేస్తే అన్నయ్య మునుగుతాడు. సరిగ్గా ఎంతకు పోతుందో ఆ వీధిలో ముప్పై ఏళ్లు వ్యాపారం చేసినవాడు తాను విప్పి చూసి చెప్పేస్తాడు. నాన్నగారు పోయిన నాటికి ఉన్న సరుకు, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు వాళ్ల సమక్షంలో జాబితా రాయించి అందరితో సంతకాలు చేయించండి. గుడ్‌విల్‌కు, అంటే కొట్టుకున్న పేరుకు ఎంత, మీ ఇన్నేళ్ల చాకిరీకి ఎంత అన్నది కూడా వాళ్ల ముందే పెట్టండి. చట్టం ఇవ్వనిది పెద్దలు అన్నయ్యకు నచ్చజెప్పి ఇప్పించగలరు.

పెద్దలతో కానిది కాగితం. వాళ్లు తెల్లకాగితం మీద ‘గది తమ్ముడిది, అన్నకు ఇంత సొమ్ము’ అని రాసి అందరితో సంతకాలు పెట్టించినా, దాంతో గది మీ సొంతం కాదు. స్థిరాస్తిలో హక్కు మార్చే పత్రానికి స్టాంపు, రిజిస్ట్రేషన్ తప్పవు. ఇదివరకే నోటిమాటతో జరిగిపోయిన ఒప్పందాన్ని గుర్తుకోసం రాసుకునే కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో కాలే కేసులో చెప్పింది నిజమే. కానీ ఏది గుర్తుకోసం రాసింది, ఏది హక్కు మార్చేది అన్న తగువే ఏళ్ల తరబడి నడుస్తుంది. ఆ సందు ఇవ్వకండి.

వాళ్ల తీర్పుకు బలం కావాలంటే రెండు దారులు. ఒకటి, 1996 ఆర్బిట్రేషన్ చట్టం కింద నలుగురూ ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని వాళ్లను మధ్యవర్తులుగా పెట్టుకోవడం. సంఖ్య బేసిగా ఉండాలి, అంటే ముగ్గురో అయిదుగురో. రెండోది నాకు ఎక్కువ ఇష్టం. పెద్దల దగ్గర కుదిరిన రాజీని మీ ఊళ్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్లి, కేసు వేయకుండానే లోక్ అదాలత్‌లో అవార్డు (తీర్పు) చేయించుకోండి. కోర్టు ఫీజు లేదు, అప్పీలు లేదు, అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. గదికి సంబంధించిన స్టాంపు, రిజిస్ట్రేషన్ ఎలాగన్నది అప్పుడే అడిగి తేల్చుకోండి.

పల్లెటూళ్ల చిల్లర వ్యాపారులు నాన్నగారికి ఇవ్వాల్సిన బాకీల్ని మర్చిపోవద్దు. అరువు బాకీకి సాధారణంగా మూడేళ్లే గడువు. గడువు దాటకముందే ఒక్కొక్కరి దగ్గరకు వెళ్లి ఖాతా కింద ‘ఇంత ఇవ్వాలి’ అని తేదీ వేయించి సంతకం పెట్టించుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు. ఎవరైనా మొండికేసి కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే డిక్రీకి ముందు వారసత్వ ధ్రువీకరణ పత్రం అడుగుతారు. నాన్నగారి పేర ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) కూడా పనికిరాదు, మీ పాన్‌తో కొత్తది తీసుకోండి. అది పూర్తిగా ఉచితం. ఏజెంటుకు డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం.

మీ ఉత్తరంలో అమ్మగారి వాటా ఊసే లేదు. ఆమె పావలాకు ఆమే పూర్తి హక్కుదారు. ‘నువ్వెలాగూ నా దగ్గరే ఉంటావు కదా’ అని వాటా వదులుకునే విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టించే పని చేయకండి. రేపు అన్నయ్య దాన్నే పట్టుకుని కోర్టుకు వెళతాడు. ఆమె తరఫున వేరే లాయరును పెట్టించండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. వాటా తన పేర ఉంచుకుని అద్దె తీసుకుంటారో, మీ వ్యాపారంలో పార్ట్‌నర్‌గా చేరతారో ఆ లాయరుతో మాట్లాడి ఆమే చెబుతారు. పార్ట్‌నర్‌షిప్ అనుకుంటే సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయించండి. నమోదు లేని సంస్థ వ్యాపార ఒప్పందం మీద బాకీదారుల పైన దావా వేయలేదు.