బిల్లు కట్టేది మేమే, మాకేమీ చెప్పరా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. తాగుడు మానాలని తనంతట తానే డీఅడిక్షన్ సెంటర్‌లో చేరాడు. పది రోజులైంది. ఎలా ఉన్నాడని అడిగితే డాక్టరుగారు 'అతని అనుమతి లేకుండా చెప్పలేం' అంటున్నారు. డబ్బు కట్టేది మేమే. ఏం చేయాలి?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఆందోళన న్యాయమైనదే. కానీ డబ్బు కట్టినంత మాత్రాన వివరాలు తెలుసుకునే హక్కు రాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. దాని 23వ సెక్షన్ ప్రకారం రోగి వివరాలు గోప్యం. ప్రాణాపాయం తప్పించడం లాంటి కొన్ని సందర్భాల్లోనే, అదీ అవసరమైనంత మేరకే చెప్పొచ్చు.

మీకు దారి 14వ సెక్షన్‌లో ఉంది. 'ఫలానావారు నా నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (నేను ఎంచుకున్న ప్రతినిధి)' అని మీ అబ్బాయి తెల్లకాగితం మీద రాసి సంతకం చేసి, ఆ వ్యక్తి కూడా ఒప్పుకుంటున్నట్టు రాసిస్తే చాలు. జబ్బేమిటి, చికిత్సేమిటి అని అడిగే హక్కు, డిశ్చార్జ్ ఏర్పాట్లలో పాలుపంచుకునే హక్కు ఆ వ్యక్తికి వస్తాయి. రాయకపోతే చట్టం బంధువునే ప్రతినిధిగా భావిస్తుంది గానీ, తల్లా తండ్రా అన్న పేచీ అక్కడే మొదలవుతుంది. కాగితం ఉంటే ఆ గొడవ ఉండదు.

అయితే అడిగే తీరు ముఖ్యం. 'సంతకం పెట్టకపోతే డబ్బు కట్టం' అనొద్దు. ఇవాళ పెట్టిన సంతకాన్ని అతను రేపు రద్దు చేసుకోవచ్చు, పైగా కౌన్సెలర్ దగ్గర కూడా నోరు విప్పడు. మందుల పేర్లు, డిశ్చార్జ్ తేదీ, మళ్లీ చూపించుకోవాల్సిన తేదీ, ఈ మూడే అడగండి. కౌన్సెలింగ్‌లో ఏం మాట్లాడాడో మాకొద్దని మీరే ముందు చెప్పండి.

అప్పటికీ ఒప్పుకోకపోతే? సెంటర్ వాళ్లు మీకు చెప్పకూడదు గానీ, మీరు వాళ్లకు చెప్పడానికి ఏ అడ్డూ లేదు. ఒక పేజీ రాసివ్వండి: రోజుకెంత తాగేవాడు, ఎన్నేళ్లుగా, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా, లేనివి కనిపిస్తున్నాయన్నాడా, చచ్చిపోతానన్నాడా. అల్మారాలో టాబ్లెట్ల స్ట్రిప్పులు దొరికితే ఫొటో తీసి జతచేయండి. 'పరువు తీశాడు' లాంటి మాటలు రాయొద్దు. తన రికార్డు చూసుకునే హక్కు అతనికుంది, చదువుతాడనుకునే రాయండి.

తానే చేరాడు కాబట్టి వెళ్లిపోతానంటే మామూలుగా పంపించాల్సిందే. ప్రమాదం లాంటి కారణాలుంటే పరీక్ష కోసం 24 గంటలు ఆపొచ్చు. ఆలోగా అతని ఇష్టంతో పనిలేని చేరికకు చట్టం చెప్పిన షరతులు ఉన్నాయని తేలితే తప్ప పంపేయాలి. ఇంటికొచ్చి మళ్లీ తాగి, హఠాత్తుగా మానినప్పుడు ఫిట్స్ వచ్చినా, మతి తప్పినట్టు మాట్లాడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఈలోగా మీ గోడు చెప్పుకోవడానికి, సలహాకు 14446 (మత్తు మాన్పించే హెల్ప్‌లైన్), 14416 (టెలి మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్లున్నాయి. వాటికి అతని అనుమతి అక్కర్లేదు.